విశాలాక్షి టీచర్, సుఖవతి మడి

రాయపూర్ టాటీబంధ్ కూడలిలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. అప్పుడే వాన వెలిసింది. నాలుగు వైపుల నుంచీ లారీలు హారన్లు మోగించుకుంటూ ఒకదాని ముందు ఒకటి దూరాలని చూస్తున్నాయి. రోడ్డు మధ్య మట్టిదిబ్బ మీద ముగ్గురు ఆడవాళ్లు గొంతుక్కూర్చుని గడ్డి పీకుతున్నారు. అంత డీజిలు పొగలోనూ ఆ వాసన నా ముక్కుకి తగిలింది. వేళ్లతో సహా ఊడివచ్చిన గడ్డి వాసన, దానికంటుకున్న తడి మట్టి వాసన. నా బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. ఆ రోజు భన్‌పురిలో మా కార్ఖానాకి అరగంట ఆలస్యంగా వెళ్లి, ఎందుకు ఆలస్యమైందని అడిగితే ట్రాఫిక్ అని అబద్ధం చెప్పాను. గడ్డి వాసన చూస్తూ నిలబడిపోయానని ఎవరికి చెప్పను? చెప్పగలిగిన మనిషి ఒకావిడ ఉండేది. ఇప్పుడు లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

విశాలాక్షి టీచర్‌ని మీలో ఎవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత రూపం కాదు. పొట్టి మనిషి. సోడాబుడ్డి కళ్లద్దాలు, చీలమండ పైకి కట్టిన నేతచీర, కాళ్లకి మగవాళ్లు వేసుకునే కాన్వాసు బూట్లు. వాళ్ల పెద్దలది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. తండ్రి రైల్వేలో పనిచేయడం వల్ల ఈవిడ పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లలోనే. రాయపూర్‌లో మా రైల్వే కాలనీ పక్కనున్న ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేది. బళ్లో చదువంతా హిందీలో. మా బోటి తెలుగు పిల్లలు క్లాసుకి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లం. ఎనభైల మొదట్లో ఆవిడ బడి యాజమాన్యం చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఒక పద్ధతి మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లల్లో ఇష్టమున్న పన్నెండు మంది జూన్ నుంచి నవంబరు దాకా ఆరంగ్ అవతల, మహానది దగ్గర ఒక పల్లెలో ఉండాలి. లెక్కలూ సైన్సూ అక్కడే. మిగతా వేళ పొలం, నది, నడక. "పుస్తకంలో వానాకాలం రెండు పేజీలుంటుంది, బయట నాలుగు నెల్లుంటుంది. ఏది చదువుతారో మీ ఇష్టం" అనేది.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. టీచర్ మా క్వార్టరుకి అడగడానికి వచ్చినప్పుడు నేను తలుపు చాటున ఉన్నాను. "ఆడపిల్లని ఆర్నెల్లు అడవిలోకి పంపీడమేటండీ టీచరుగారూ? రేపు లోకం ఏటంటాది?" అన్నాడు నాన్న. "అడవి కాదండి నాయుడుగారూ, పొలం. మీ నాన్నగారు చేసేదే కదా" అందావిడ. "ఆ పొలం వొద్దనే కదండీ ఇంత దూరం వొచ్చీసినాం." టీచర్ టీ గ్లాసు కింద పెట్టి, "మీరొచ్చేశారు. మీ పళ్లెంలోకి బియ్యం మాత్రం పొలంలోంచే వస్తున్నాయి. ఎలాగొస్తాయో మీ పిల్ల ఒక్కసారి చూసి రానీండి. చూశాక ఇంజనీరే అవుతుందో, కలెక్టరే అవుతుందో దానిష్టం" అంది. నాన్న చాలాసేపు మీసం సవరించుకున్నాడు. ఆయన ఒప్పుకున్నది ఆవిడ వాదనకి కాదనుకుంటాను. తన ఊరివైపు మాట బయటి మనిషి నోట విని చాలా రోజులైంది, దానికి.

ఇక నా సంగతి. నా పేరు పైడితల్లి, ఇంట్లో పైడి. ఆ వయసులో నాకు ముక్కు మీదే కోపం. దానికి తోడు అంతా తెలుసన్న ధీమా. వేసవి సెలవులకీ దసరాకీ శ్రీకాకుళం వైపు మా తాతగారి ఊరు వెళ్లేదాన్ని. ఒక ఏడు అమ్మ జబ్బుపడితే వానాకాలమంతా అక్కడే ఉండి ఊడ్పులు కూడా చూశాను. కాబట్టి వరి గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని నా నమ్మకం. పైగా రైలు కుటుంబం వాళ్లకుండే అలవాటు ఒకటి, ఎక్కడికి వెళ్లినా ఇనప్పెట్టె తీసుకెళ్లడం. ఆరంగ్ బస్టాండులో దిగాక తెలిసింది, అక్కడి నుంచి ఆరు మైళ్లు నడకని. పదకొండు మంది వీపున సంచులు తగిలించుకున్నారు. నేను తాళం వేసిన ఇనప్పెట్టె నెత్తికెత్తుకున్నాను. ఆరంగ్‌లోని పాత గుడి శిఖరం కనుమరుగయ్యేసరికే మెడ విరిగిపోతోంది. టీచర్ వచ్చి అందుకుంటుందని ఎదురుచూశాను. అందుకోలేదు. "పెట్టె నీదే కదా" అంది. అలాగని ముందుకీ పోలేదు. మిగతా పిల్లల్ని పొమ్మని, ఆరు మైళ్లూ నా పక్కనే, నేనెంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా నడిచింది. దారిలో కనిపించిన ప్రతి పిట్ట పేరూ అడిగింది. నాకు ఒక్కటీ తెలియలేదు. కోపంతో కుతకుతలాడిపోయానుగానీ, ఆవిడ నన్ను వదిలి వెళ్లలేదన్న సంగతి ఆ కోపంలో కూడా తెలుస్తూనే ఉంది.

మా మకాం ఒక పాత ధాన్యపు గిడ్డంగి. పెంకుల కప్పు, మట్టి నేల, వరసగా చాపలు. ఒక్కొక్కరికి రోజుకి రెండు బకెట్ల నీళ్లు, ఎవరివి వాళ్లే బావిలోంచి తోడుకోవాలి. స్నానం చేసిన నీళ్లు ఆనపపాదుకి చేరాలి. పొయ్యిలోకి పుల్లలు మేమే ఏరాలి, పచ్చికొమ్మ విరవకూడదు. వారానికొక పరీక్ష ఉండేది, కాగితం మీద కాదు. ఒక వారం మహానది ఇసకలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కరూ ఒంటరిగా, మరొకరు కనబడనంత దూరంలో, మాట్లాడకుండా కూర్చోవాలి. ఇంకో వారం కళ్లకి గంతలు కట్టుకుని చెట్టు బెరడు తడిమి పేరు చెప్పాలి. వీటన్నిటికీ అలవాటు పడ్డాం. నాకు మింగుడుపడనివి రెండే.

మొదటిది అన్నం. మేము తింటున్న బియ్యం మాకంటే ముందు ఏడాది వచ్చిన పిల్లలు పండించినవి. మేము పండించేది మా తర్వాత వచ్చే వాళ్లకి. "మరి మనది మనం తినమా?" అని అడిగాను. "మనది మనం తినడానికి బడి ఎందుకే? పిచికలకీ వచ్చు ఆ పని" అంది టీచర్. రెండోది సాయంత్రం కూర్చోవడం. దీపం పెట్టే వేళకి అందరం గుండ్రంగా కూర్చునేవాళ్లం. అప్పుడు ఒకటే ప్రశ్న. ఈరోజు ఎవరు ఏం పాడుచేశారు? మంచిపనుల ఊసు ఉండదు. పాడుచేసినది మాత్రమే. అది ఎలా బాగుచేస్తారో కూడా చెప్పాలి. తిట్టడం ఉండదు, నవ్వడం ఉండదు. ఎప్పుడూ ముందు టీచరే చెప్పేది. "ఇవాళ పొద్దున శారద మీద ఊరికే కసురుకున్నాను. శారద పొద్దంతా మూతి ముడుచుకుంది. రేపు నీళ్లు తోడేటప్పుడు ఆమె చేద నేను లాగుతాను" అని, అంత పెద్ద మనిషీ పిల్లల ముందు చెబుతుంటే మొదట్లో మాకు ఎక్కడ చూడాలో తెలిసేది కాదు. శారద నా పక్క చాప పిల్ల. అది ఆ రాత్రి పడుకోబోతూ, "మా అమ్మ కూడా ఇలా చెబితే ఎంత బాగుండును" అంది.

పొలం ఆ ఊరి సుఖవతిది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, భర్త పోయాడు. ఇంట్లో ముసలి అత్త, ఇద్దరు చిన్నపిల్లలు. ఉన్నది ఎకరం మడి. పని మాది, పని నేర్పడం ఆమెది, పంటలో సగం ఆమె ఇంటికి, సగం వచ్చే ఏటి పిల్లలకి. అదీ టీచర్‌కీ ఆమెకీ ఉన్న ఒప్పందం. సుఖవతి ఛత్తీస్‌గఢీలో గబగబా మాట్లాడేది. మాలో ఆడపిల్లల్ని "నోనీ", మగపిల్లల్ని "బాబూ" అని పిలిచేది. తొలకరికి దున్నిన నేల మీద ఆమె విత్తనాలు చల్లుతూ, మా చేత కూడా చల్లిస్తుంటే నాకు నవ్వొచ్చింది. నారు పోయడం లేదు, ఊడ్చడం లేదు, ఉలవలు చల్లినట్టు వరి చల్లుతున్నారేమిటని. అయినా మొలకలు వచ్చాయి. నెల దాటేసరికి చేను మోకాలెత్తు లేచి పచ్చగా ఊగుతోంది. మధ్యలో కలుపూ అంతే ధీమాగా పెరుగుతోంది. పొద్దున్నే బడి పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చునేదాన్ని. చదివింది తక్కువ, చేను చూసింది ఎక్కువ. పద్నాలుగేళ్లకి మొదటిసారి నా చేత్తో మొలిచింది ఏదో ఉంది కదా, కళ్లు తిప్పుకోలేకపోయేదాన్ని.

శ్రావణంలో ఒక రోజంతా కుండపోత. మడినిండా జానెడు నీళ్లు నిలిచాయి. మర్నాడు పొద్దున పక్క చేలో చూసిన దృశ్యానికి గట్టు మీదే ఆగిపోయాను. నీళ్లలో నిలబడ్డ పచ్చటి చేను మీద, ఎడ్లని కట్టి నాగలి తోలుతున్నారు. మొక్కలు బురదలోకి వాలిపోతున్నాయి, పెకిలిపోతున్నాయి, ఎడ్ల గిట్టల కింద నలిగిపోతున్నాయి. ఆ చేను యజమాని బీడీ కాల్చుకుంటూ నింపాదిగా చూస్తున్నాడు. పరిగెత్తుకెళ్లి టీచర్‌కి చెప్పాను. ఆవిడ నవ్వింది. "బియాసీ అంటారు దాన్ని. నిలిచిన నీళ్లలో నాగలి పెడితే కలుపు చస్తుంది, ఒత్తుగా ఉన్న వరి పల్చబడుతుంది, వేళ్లకి ఊపిరాడుతుంది. పెకిలిన మొక్కల్ని ఖాళీల్లో మళ్లీ గుచ్చుతారు. రేపు మన మడికి. సుఖవతి మరిది ఎడ్లు తెస్తున్నాడు."

"మా తాతగారి ఊళ్లో ఇలా చేస్తే పిచ్చాసుపత్రికి పంపుతారు టీచర్" అన్నాను. మా తాత చేలో నడుస్తుంటే పొరపాటున కాలు తగిలిన మొక్కకి దణ్ణం పెట్టుకునే మనిషి. "మీ తాతగారి ఊళ్లో కాలవుందే పైడీ. ఇక్కడ ఆకాశం తప్ప ఏటుంది? వీళ్లు వానని బట్టి సేద్యం చేస్తారు. నాగలికి నీళ్లు కావాలి, నీళ్లు రేపు ఉన్నట్టు ఎల్లుండి ఉండవు" అని విడమరిచి చెప్పింది. విన్నాను. నమ్మలేదు. వీళ్లకి తెలియదు, నాకు తెలుసు. పద్నాలుగేళ్ల పొగరుకి కొమ్ములు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాను.

ఆ సాయంత్రం గట్టు చూసిరావడం నా వంతు. గట్టు ఎక్కడా తెగలేదని, నీళ్లు నిలిచే ఉన్నాయని చూసి రావాలి, అంతే. పార భుజాన వేసుకుని వెళ్లాను. పల్లపు మూల దగ్గర ఆగాను. నాగలికి నీళ్లు కావాలి. నీళ్లు లేకపోతే నాగలి రాదు. ఒక్క పూట ఆగితే టీచర్‌కి నచ్చజెప్పి నా చేను కాపాడుకోవచ్చు. ఇంతే ఆలోచన. పారతో గట్టుని జానెడు వెడల్పున కొట్టాను. నీళ్లు గలగలమంటూ పక్క వాగులోకి దూకాయి. తెల్లారగానే ఎవరూ లేవకముందే వెళ్లి చేతులతోనే మట్టి అదిమి గండి పూడ్చేశాను. మడిలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. సుఖవతి మరిది ఎడ్లతో వచ్చి చూసి, నీళ్లేవని అడిగాడు. ఎండ్రకాయ గట్టుకి బొరియ పెట్టి ఉంటుందన్నాడు. సుఖవతి గట్టంతా తిరిగి వెతికింది. టీచర్ పల్లపు మూల దగ్గర కాసేపు వంగి చూసి, ఏమీ అనకుండా లేచింది. మళ్లీ వాన వస్తే చేద్దాంలే అనుకుని ఎడ్లు వెళ్లిపోయాయి.

వాన రాలేదు. అంతవరకూ మా మీద పడి కురిసిన మబ్బులు ఎవరో పిలిచినట్టు ఎటో వెళ్లిపోయాయి. వారం గడిచింది. పక్క చేలల్లో నాగలి తొక్కిన వరి, నేను చచ్చిపోయిందనుకున్న వరి, తలెత్తి దుబ్బు కట్టడం మొదలుపెట్టింది. మా మడిలో కలుపు వరిని దాటిపోయింది. అందులో కరగా అని అడవి వరి ఒకటి, చూడ్డానికి అచ్చం వరిలాగే ఉంటుంది, గింజ చేతికి రాకముందే రాలిపోతుంది. సుఖవతి రోజూ గట్టు మీద నిలబడి ఒకసారి చేను వైపూ, ఒకసారి పైకీ చూసేది. ఆమె పిల్లలిద్దరూ గట్టు మీద ఆడుకునేవాళ్లు. వాళ్లని చూస్తే నాకు అన్నం సహించేది కాదు. ఆమె ఇంటి బియ్యం, మా తర్వాత వచ్చే పన్నెండు మంది బియ్యం, రెండూ ఆ జానెడు గండిలోంచి పోయాయని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

ప్రతి సాయంత్రం ఆ ప్రశ్న వచ్చేది. ఈరోజు ఏం పాడుచేశారు? కిరసనాయిలు ఒలకబోశానని ఒకరోజు, సబ్బు నీళ్లలో వదిలేశానని ఒకరోజు, ఇలా చిన్న చిన్నవి ఏరుకుని చెప్పేదాన్ని. నిజాలే అన్నీ. నిజాలు చెబుతూ అబద్ధమాడడం ఎలాగో అప్పుడు నేర్చుకున్నాను. పదకొండో సాయంత్రం టీచర్ ఎప్పటిలాగే ముందు మొదలుపెట్టింది. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు. "నేను పదకొండు రోజులుగా ఒక పని పాడుచేస్తున్నాను. గట్టు మీద చేతివేళ్ల గుర్తులు చూశాను. ఎండ్రకాయలకి వేళ్లుండవు. ఆ రోజే అడగాల్సింది. తనంతట తనే చెబుతుందని ఆగాను. ఆ ఆగడంలో కలుపు పీకాల్సిన పదకొండు రోజులు పోయాయి. వాన వస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. సుఖవతికి పొద్దున వెళ్లి చెబుతాను" అంది. ఎవరి వైపూ చూడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే ఎదురుతిరిగేదాన్ని. నా తప్పులో సగం ఆవిడ ఎత్తుకుని మోస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. "ఎండ్రకాయ కాదు టీచర్, నేనే. నేనే గండి కొట్టీసినాను. నాగలి రాకూడదనీ..." అని ఏడుస్తూ తెలుగులోనే అనేశాను. మా అమ్మ మాట్లాడే తెలుగే వచ్చింది నోట్లోంచి. చుట్టూ ఉన్నది హిందీ పిల్లలు, వాళ్లకి ముక్క అర్థం కాలేదు. టీచర్ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత, "ఇప్పుడు హిందీలో చెప్పమ్మా. వాళ్ల చేను కూడా కదా" అంది. హిందీలో చెప్పాను. రెండోసారి చెప్పడమే కష్టం. ఆ రాత్రి శారద తన చాప నాకు దూరంగా జరుపుకుంది.

పొద్దున టీచర్, నేనూ సుఖవతి ఇంటికి బయల్దేరాం. వాకిలి కనిపించేసరికి ఆవిడ ఆగిపోయింది. "ముందు నువ్వెళ్లు. నాది తర్వాత చెప్పుకుంటాను" అంది. సుఖవతి వాకిట్లో పేడ అలుకుతోంది. నా మొహం చూసి, "కా హోగే నోనీ?" అంది, ఏమైందే పిల్లా అని. చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది. "నీకు అన్నం ఎక్కడి నుంచైనా వస్తుంది. నాకు ఆ మడిలోంచే వస్తుంది." అంతే. ఫరవాలేదనలేదు, చిన్నపిల్లవి కదా అనలేదు. మళ్లీ అలకడం మొదలుపెట్టింది. టీచర్ వెళ్లి ఆమె పక్కన కూర్చుని ఏదో చెప్పింది. సుఖవతి తలెత్తకుండా అలుకుతూనే ఉంది.

ఆ రోజు నుంచే కలుపు తీత. నాగలి ఒక్కరోజులో చేసే పని చేతులతో చేయాలి. నేనొక్కదాన్నే చేస్తానని పౌరుషానికి పోయాను. "సర్కస్ చెయ్యకు. ఎకరం నీ ఒక్కదాని పొగరుకి లొంగదు" అని టీచర్ కొడవలి లాంటి చిన్న పనిముట్టు ఒకటి నా చేతిలో పెట్టి, తనొకటి తీసుకుని, చీర ఎగ్గట్టి దిగింది. ఒకరి తర్వాత ఒకరు మిగతా పదకొండు మందీ దిగారు. శారద అందరికంటే ఆఖరున, నాతో మాట్లాడకుండానే, నా పక్క చాలులో దిగింది. రెండో రోజు సుఖవతి వచ్చింది. అడవి వరినీ అసలు వరినీ నేను వేరు చేయలేక రెండూ పీకేస్తుంటే చూసి ఓర్చుకోలేక, నా చెయ్యి పట్టుకుని మొక్క మొదలు దగ్గర పెట్టింది. ఇది చూడు, ఇది చూడు అని రెండూ మార్చి మార్చి తడిమించింది. నాలుగో రోజుకి నా వేళ్లకి తేడా తెలిసింది. పదిహేను రోజులు పట్టింది చేను మొత్తానికి. గోళ్లలో మట్టి దిగి వేళ్లు వాచిపోయాయి. టీచర్‌కి నడుం పట్టేస్తే గట్టు మీద వెల్లకిలా పడుకుని అక్కడి నుంచే మాకు బీజగణితం చెప్పేది. వాన ఆఖరికి వచ్చింది. అప్పటికి నాగలి పెట్టే అదను దాటిపోయింది. ఖాళీల్లో మొక్కలు గుచ్చాం.

అద్భుతాలేమీ జరగలేదు. కోతలకి ఊళ్లో అందరి కళ్లాల్లోకీ మా కుప్పే చిన్నది. కిందటేడు పండినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. టీచర్ మా అందరినీ కూర్చోబెట్టి, బడి వాటా కూడా సుఖవతికే ఇచ్చేద్దామా అని అడిగింది. పన్నెండు చేతులు లేచాయి. అలా వచ్చే ఏటి పిల్లలకి గింజ కూడా మిగల్లేదు. ఆ ఆఖరి సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు, వాళ్ల అన్నం బాగుచేయడం నా పని అన్నాను. ఎలాగో నాకే తెలియదు.

రాయపూర్ వచ్చాక అమ్మతో చెప్పాను. అమ్మ అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్క డబ్బాలో వేయాలని నా కోరిక. "పాడుసేసినది నువ్వు, పిడికిలి నాదేటే?" అంది అమ్మ. అన్నదేగానీ, ఒక్క పూట మానలేదు. ఆమె పిడికిలి రోజురోజుకీ పెద్దదవడం నేను గమనించాను. శారద వాళ్లింట్లోనూ మొదలుపెట్టారు. తర్వాత మిగతా పిల్లల ఇళ్లలోనూ. జూన్‌లో కొత్త పిల్లలు వెళ్లేటప్పుడు కొన్ని సంచులు వాళ్లతోనే పంపాం. ఆఖరి సంచి శ్రావణంలో ఒక శనివారం నేనే తీసుకెళ్లాను. ఈసారి ఇనప్పెట్టె లేదుగానీ, నెత్తిన బరువు అంతే. ఆ ముందురోజు పెద్దవాన పడింది. సుఖవతి మడిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. కొత్త పిల్లలు నన్ను వింతగా చూస్తుంటే, టీచర్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మీ అన్నం పాడుచేసిన అమ్మాయి ఈమే. తెచ్చింది కూడా ఈమే" అని పరిచయం చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. నవ్వూ వచ్చింది.

సాయంత్రమవుతుంటే టీచర్ పార తీసుకుని మడి వైపు నడిచింది. నన్నూ రమ్మంది. గట్టు మీద సుఖవతి ఉంది. మర్నాడు ఎడ్లు వస్తున్నాయి. "ఈరోజు గట్టు చూసే వంతు పైడిది" అంది టీచర్, ఛత్తీస్‌గఢీలో, ఆమెకి అర్థమయ్యేలా. వద్దు టీచర్, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. ఆవిడ విననట్టే నిలబడింది. సుఖవతి నా వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం పూర్తిగా పోయిందని నేను చెప్పలేను. టీచర్ చేతిలోంచి పార అందుకుని, తన చేత్తో నాకిచ్చింది. ఇచ్చి, ఇంటికి వెళ్లిపోయింది. టీచర్ కూడా వెళ్లిపోయింది. నేను ఆ గట్టు ఎన్నిసార్లు చుట్టూ తిరిగానో, ఎన్నిచోట్ల మట్టి తొక్కి గట్టిచేశానో నాకే తెలియదు. పొద్దున నీళ్లు నిన్నటంత ఉన్నాయి. ఎడ్లు దిగాయి. పచ్చటి చేను బురదలోకి ఒరిగిపోతుంటే కళ్లార్పకుండా చూశాను. పెకిలిన మొక్కల్ని ఖాళీల్లో గుచ్చుతూ నేనూ దిగాను. సుఖవతి పక్క చాలులో ఉంది. మధ్యాహ్నం గంజిలో ఉల్లిపాయ నంజుకుంటూ, తన గిన్నెలోంచి సగం నా గిన్నెలోకి వంచింది.

విశాలాక్షి టీచర్ పోయి నాలుగేళ్లయింది. ఆ ఆర్నెల్ల బడి ఆవిడకంటే ముందే ఆగిపోయింది. నాకు ఇప్పుడు పిట్టల పేర్లు కొన్ని తెలుసు. రెండు బకెట్ల నీళ్లతో బతకడం తెలుసు. అవి చాలామంది నేర్పగలరు. భన్‌పురిలో ఇనుము పోతపోసే కార్ఖానాలో నా కింద ఇరవై మంది పనిచేస్తారు. పని అన్నాక ఎవరో ఒకరు ఏదో ఒకటి పాడుచేస్తూనే ఉంటారు. కిందటి నెల ఒకతను అచ్చు సరిగ్గా ఆరకముందే కరిగిన ఇనుము పోయించి మొత్తం పోత పాడుచేశాడు. అతన్ని వేరే పనిలో వేయమని అందరూ అన్నారు. మర్నాడు అదే అచ్చు, అదే పని అతనికే ఇచ్చాను. ఇచ్చి, అక్కడ నిలబడకుండా నా గదికి వచ్చేశాను. వచ్చానేగానీ నా ప్రాణం కొలిమి దగ్గరే ఉంది. వెళ్లి చూడాలని కాళ్లు పీకుతున్నాయి. ఒక్కసారి తొంగి చూస్తే ఏం పోతుందనిపిస్తోంది. ఆ పూటంతా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆనాడు పార నా చేతిలో పడ్డాక, ఒక ఇంటి అన్నం, పన్నెండు మంది పిల్లల అన్నం నాకొదిలి, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా నడిచి వెళ్లిపోయిన ఆ పొట్టి మనిషికి ఆ నడక ఎంత కష్టమైందో ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు తెలిసింది.